పెద్దాయన లైటు, నా మొహం

ఆ రోజుల్లో (మరీ తాతలనాటి మాటేం కాదు, రియాద్‌లో మెట్రో ఇంకా పూర్తికాక ఎక్కడ చూసినా రోడ్లు తవ్వి ఉన్న రోజులు) పట్టుదల ఉంటే మనిషి రంగు మారుతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అక్కడి మలాజ్ పేటలో ఒక సందులో మా రూము. కచేరీలకు స్టేజీలు కట్టే కంపెనీలో కేబుళ్లు లాగే పని నాది. పగలంతా ఎండలో కేబుళ్లు లాగుతూ, సందు దొరికినప్పుడల్లా తెల్లబడే క్రీము పూసుకునేవాణ్ణి. ఎండ దాని పని అది చేసుకుపోయేది, క్రీము దాని పని అది చేసుకుపోయేది. కారణమల్లా ఊళ్లో ఉంది. రాయచోటి దగ్గర ఒక సంబంధం కుదిరేలా ఉంది, వాళ్లు నా ఫోటో అడిగారు. నేనేమో పుట్టుకతోనే నిఖార్సయిన నలుపు. మా అమ్మ ఫోన్లో "రోంత తెల్లబడినాంక దిగి పంపు నాయనా, తొందరేం ల్యా" అనేది. అమ్మకు తొందర లేదు గాని అమ్మాయి వాళ్లకు ఉంది. ఈ వారంలో ఫోటో రాకపోతే ఇంకో సంబంధం చూసుకుంటామని కబురు పెట్టారు.

సరిగ్గా ఆ వారమే అమెరికా నుంచి ఒక పేరున్న గాయకుడు కచేరీకి వచ్చాడు. నల్లజాతి మనిషి, తల పూర్తిగా నెరిసినా నిటారుగా నడిచేవాడు. ఆయన పాడేది సోల్ సంగీతమట. సోల్ అంటే ఆత్మ అని ఎవరో చెబితే నేను రూములోనూ అదే చెప్పాను. మాకు వండిపెట్టే అన్న గరిటె పక్కన పెట్టి, ఆత్మలను పిలిచే పాటల దగ్గర డ్యూటీ చేయవద్దని, ఏదైనా పట్టుకుంటే ఇకామా కార్డు, అదే ఇక్కడ ఉండే పర్మిటు, చూపించినా వదలదని హెచ్చరించాడు. వెళ్లక తప్పదంటే నా జేబులో ఒక నిమ్మకాయ పెట్టి పంపాడు. (నేనూ తీసి పారేయలేదు. ఎవరి జాగ్రత్త వాళ్లది.)

లైట్లు చూసేది హైదరాబాదాయన, అందరం లైటు భాయ్ అనేవాళ్లం. రిహార్సలుకు ముందు గాయకుడి చోట ఎవరినైనా నిలబెట్టి వెలుగు సరిచూసుకోవడం ఆయన పద్ధతి. పనివాళ్లందరినీ వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"నువ్వు పోయి మైకు కాడ నిలవడు. ఆయన రంగు, నీ రంగు ఒక్కటే."

అందరూ నవ్వారు. నాకు ప్రాణం చచ్చిపోయింది. అయినా వెళ్లి నిలబడ్డాను. ఆ పూట ఎలాగైనా ఫోటో దిగాలని క్రీము మామూలుకంటే దట్టంగా పూసి, దాని మీద పౌడరు కూడా అద్దానన్న సంగతి భాయ్‌కి తెలియదు. నా పూతకు సరిపోయేటట్టు లైట్లన్నీ తగ్గించి, బ్రహ్మాండంగా కుదిరిందన్నాడు.

ఆ గాయకుడు, పెద్దాయన, వచ్చి నిలబడి పాట ఎత్తుకున్నాడు. కోటు మెరిసింది, బూట్లు మెరిశాయి, మొహం మాత్రం చీకట్లోనే ఉండిపోయింది. ఆయన పాట ఆపి, ఈ వెలుగు ఎవరికోసం పెట్టారని అడిగాడు. భాయ్ నన్ను చూపించాడు. పెద్దాయన దగ్గరకొచ్చి నా బుగ్గ మీద వేలితో ఒక గీత గీశాడు. గీసినంత మేర నా అసలు రంగు బయటపడింది. నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చాడు. అందరి ముందూ కడుక్కున్నాను. అప్పుడాయన చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. అదంతా నాకు లైటు భాయ్ నోటి మీదుగా అందింది.

"ఏమంటుండంటే, నా మొహం జనానికి కనవడాలని బతుకంత పాడిన అంటుండు. నువ్వేమో ఉన్న మొహాన్ని దాస్తున్నవ్. రంగు మీ అమ్మ ఇచ్చింది, దానికి సిగ్గేంది? నువ్వు నడిచే తీరుకు సిగ్గుపడమంటుండు."

పేరు ఊరికే రాదట, చెమటోడ్చితేనే వస్తుందట. అది రుజువు చేయడానికి నన్ను తెర వెనక నుంచి మైకు దాకా నడవమన్నాడు. నడిచాను. గ్యాసు బండ మోసుకొస్తున్నట్టు ఉందని మళ్లీ రమ్మన్నాడు. నేను వచ్చినప్పుడల్లా బ్యాండంతా లేచి నాకు స్వాగత సంగీతం వాయించాలి. ట్రంపెట్ ఆయన నన్ను చూసే చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకసారి ఛాతీ మరీ విరిచేసరికి జేబులో నిమ్మకాయ జారి పెద్దాయన కాళ్ల దగ్గరికి దొర్లింది. ఇదేమిటన్నాడు. సోల్‌కు విరుగుడని భాయ్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వి, దాన్ని వేడినీళ్లలో పిండించుకుని తాగి, గొంతుకు మంచిదన్నాడు.

నా నడక కాస్త దారిలో పడే వేళకు మా ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, పూలగుత్తితో, ఫోటోగ్రాఫరుతో దిగాడు. నా కాళ్లకు అడ్డం రాకుండా పెద్దాయన కిందకు వంగి కేబులు పక్కకు లాగుతున్నాడు. ముదీర్ ఆయన్ని "యల్లా యల్లా" అంటూ పక్కకు తప్పించి, నేరుగా వచ్చి నన్ను కావలించుకున్నాడు. నా సెలవు చీటీల మీద సంతకాలు పెడుతూ వచ్చిన మనిషే, నా మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. రియాద్‌కు స్వాగతమన్నాడు. నా నోటికి ఖర్జూరం అందించాడు. కాదనే ధైర్యం లేక తిన్నాను. ఫోటో పడింది. నిజం తెలిసి ముదీర్ మొహం పాలిపోతే, తినే హక్కు నాకుందనీ, మధ్యాహ్నం నుంచి నేనే కష్టపడ్డాననీ పెద్దాయన వెనకేసుకొచ్చాడు కాబట్టి నా ఉద్యోగం నిలిచింది.

ఆ ఫోటో భాయ్ నా ఫోనుకు పంపించాడు. నిండు వెలుగులో, గడ్డం ఎత్తి, బుగ్గలో ఖర్జూరంతో, నేను ఎంత నలుపో అంత నలుపుగా ఉన్నాను. ఇంకోటి దిగే గడువు లేదు. దేవుడి మీద భారం వేసి అదే పంపాను.

మర్నాడు ఫోను మోగింది. ఎత్తితే అమ్మాయే. ఆ అరబ్బు సేటు నన్నెందుకు అంత గట్టిగా పట్టుకున్నాడని అడిగింది. దాచి లాభం లేదని క్రీముతో మొదలుపెట్టి ఖర్జూరం దాకా అంతా చెప్పాను. అవతల నవ్వు ఎంతకీ ఆగలేదు. సంబంధం పోయిందనుకున్నాను. చివరికి ఆమె గొంతు తగ్గించింది.

"నేను గూడా ఆ క్రీమే పూసుకుంటాండా, మీకు ఫోటో పంపల్లని. ఇంక కడుక్కోవచ్చా?"

ఊఁ అన్నాను. ఫోను పక్కన పెట్టిన చప్పుడు, ఆ తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. కచేరీ స్టేజీ మీద అంత దర్జాగా నడిచిన మొనగాడు, మలాజ్ రూములో మంచం అంచున కూర్చుని, ఫోను చెవికి అంటించుకుని, ఎక్కడో రాయచోటి దగ్గర పారుతున్న నీళ్ల చప్పుడు బుద్ధిగా వింటున్నాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ముద్దు కూడా వస్తుంది.