తిరువూరు పొలిమేర దాకా

అక్క నన్ను సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని వినగడప నుంచి తిరువూరు హైస్కూలుకు తీసుకొచ్చేది. అప్పుడు తను పదో తరగతి, నేను ఎనిమిది. నాన్న ఎక్కడి నుంచో తెచ్చిన పాత మగవాళ్ళ సైకిలది. ఊళ్ళో అందరి ముందూ కాలు తిప్పి ఎక్కడానికి సిగ్గుపడి, ఇళ్ళు దాటేదాకా నడిపించుకుంటూ వచ్చి, అప్పుడు ఎక్కేది.

అక్కకు ఇంట్లో చదువుకునే తీరిక ఉండేది కాదు. అమ్మ తెల్లారకముందే పత్తి చేలోకి వెళ్ళిపోతే వంట తనే చేయాలి. అందుకని దారిలో తన పుస్తకం తెరిచి నేను గట్టిగా చదవాలి. తను తొక్కుతూ వినేది. ఎత్తు ఎక్కుతూ రొప్పుతూ కూడా "ఆగాగు, ఆ ముక్క మళ్ళీ చదువు" అనేది. లారీ వస్తే నా గొంతు వినపడదు. అది దాటిపోయేదాకా ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. ఆ ఏడాది అక్క పాసయింది, నేను బస్సులో వెళ్ళడం మొదలుపెట్టాను. నేను పదిలోకి వచ్చేసరికి సగం పాఠాలు నాకు నోటికొచ్చు.

ఆ తర్వాత అక్కకు విస్సన్నపేటలో పెళ్ళి చేశారు. బావ షేరాటో నడుపుతాడు. నేను ట్రైనింగు చేసి, టీచరునై, తిరువూరులోనే కాపురం పెట్టాను. పెద్ద దూరమేమీ కాదు. అయినా క్రిస్మస్‌కో, ఎవరింట్లోనో పెళ్ళికో తప్ప కలిసేవాళ్ళం కాదు. కలిసినా చుట్టూ పదిమంది. ఆ రోడ్డు మీద మాట్లాడుకున్నట్టు మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

అక్కకు రొమ్ములో గడ్డ వచ్చింది. మామిడి కోతల రోజులు. తోటలో పనికి వెళ్తోంది. కాపు అయిపోయాక చూపించుకుందాంలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి అది ఎముకల్లోకి పాకింది. విజయవాడ తిప్పారు, ఉన్న వైద్యమంతా చేయించారు. మళ్ళీ మామిడి పూత వచ్చేనాటికి అక్క లేదు.

కొన్నేళ్ళకు ఒక ఉదయం స్నానం చేస్తుంటే నా వేళ్ళకూ తగిలింది. బఠాణీ గింజంత. ఒళ్ళు తుడుచుకోకుండానే మా ఆయన్ని పిలిచాను. మర్నాడే విజయవాడ బస్సెక్కాం. పరీక్షలన్నీ చూసి "మంచిపని చేశారమ్మా, తొందరగా వచ్చారు" అంది డాక్టరమ్మ. ధైర్యం చెప్పే మాటే. కానీ ఆ గదిలో నాకు ఏడుపు ఆగలేదు. ఆ తొందర నాకు ఎవరి వల్ల వచ్చిందో ఆవిడకు తెలియదు.

ఆపరేషనయింది, కీమో ఇచ్చారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది, రింగులు తిరిగి, నాది కానట్టుగా. బడికి వెళ్ళడం మొదలుపెట్టాను గానీ బోర్డు మీద పైదాకా రాయలేకపోయేదాన్ని. కుడి చెయ్యి సాయంత్రానికి వాచేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంటికొచ్చాక మంచానికి అతుక్కుపోయేదాన్ని.

"అలా పడుకుంటే కుదరదు. ఒళ్ళు కదలాలి" అంది డాక్టరమ్మ. "మీకు ఇష్టమైనది ఏదైనా చేయండి. నడక, ఈత, సైకిలు, ఏదైనా."

ఈత నాకు రాదు. నడక రెండు వారాలు చేశాను, విసుగొచ్చింది. ఒకరోజు అన్నం తింటూ మా ఆయనతో అన్నాను, "సైకిలు కొనుక్కుంటానండీ."

ఆయన కరెంటాఫీసులో పనిచేస్తారు. దేనికీ వెంటనే వద్దనరు. ముందు నవ్వుతారు. "ఎవరికి? నీకా?"

"నాకే."

"పడితే?"

"పడితే లేస్తాను."

కొట్టువాడు గేర్ల సైకిలు చూపించాడు. దానికి వెనక క్యారియరు లేదు. క్యారియరు లేనిది నాకు వద్దన్నాను. "ఈ రోజుల్లో అది ఎవరూ అడగట్లేదు మేడం, బరువు కూడా" అన్నాడు. అయినా వినలేదు. దాని మీద ఎవరినీ ఎక్కించుకోనని నాకూ తెలుసు.

మొదట్లో మా వీధి చివర దాకా వెళ్ళడమే గొప్ప. చేతికి బిగుతు తొడుగు వేసుకుని, పాత చుడీదారులో, పొద్దున్నే బయల్దేరేదాన్ని. "ఏంటి టీచర్ గారూ, స్కూటీ పాడయిందా?" అని అడిగేవాళ్ళు. అవునని చెప్పేదాన్ని. నెమ్మదిగా బైపాసు దాకా, తర్వాత దాన్ని దాటి. రొప్పొస్తే దిగి, సైకిలు పట్టుకుని నిలబడి, మళ్ళీ ఎక్కేదాన్ని. ఎప్పుడు మారిందో తెలియదు గానీ, ఒకరోజు బడిలో బోర్డు పైఅంచున తేదీ రాసి, వెనక్కి తిరిగాక గమనించాను, చెయ్యి అంత ఎత్తుకు వెళ్ళిందని.

వినగడప దాకా వెళ్ళిన రోజు ఆ ఎత్తు మీద దిగలేదు. అక్క అక్కడ సగం ఎక్కాక "దిగవే, నీ బరువు లాగలేను" అనేది. నేను దిగి పక్కన పరుగెత్తేదాన్ని. ఇప్పుడు ఒక్కదాన్నే తొక్కుతూ ఎక్కాను. ఎక్కాక సంతోషం వేయాలి కదా. ఎదురుగా ఖాళీ రోడ్డు చూసి తొక్కడం ఆపేశాను. ఇన్నేళ్ళలో ఆ దారిన నా ముందు తన వీపు లేకుండా సైకిలు మీద వెళ్ళడం అదే మొదటిసారి. చెమటకు రవిక అంటుకుపోయి, జడ ఒక పక్కకు ఊగుతూ ఉండే వీపు.

ఆ తర్వాతి సెలవు రోజున విస్సన్నపేట వెళ్ళాను. బావకు ముందుగా చెప్పలేదు. ఆటోస్టాండులో కూర్చుని ఉన్నవాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నువ్వా! ఎవరితో వచ్చావు?"

"ఒక్కదాన్నే బావా. సైకిలు మీద."

"తిరువూరు నుంచా? ఆ ఒంటితోనా?" అని తిడుతూనే ఇంటికి తీసుకెళ్ళాడు. టీ పెట్టాడు. అక్క పోయాక ఒక్కడే వండుకోవడం అలవాటయింది. గ్లాసు నా చేతికిచ్చి, గుమ్మం బయట ఉన్న సైకిలు వంకే చాలాసేపు చూశాడు.

"మీ అక్కక్కూడా ఇదే పిచ్చి" అన్నాడు.

"పెళ్ళయ్యాక మానేసిందిగా."

"మానేసిందని ఎవరు చెప్పారు నీకు? మా అమ్మ ఆడవాళ్ళ ప్రార్థనకు పోయినప్పుడల్లా ఎదురింటాయన సైకిలు అడిగి తీసుకునేది. తోటల వైపు పోయొచ్చేది. మా అమ్మ చూస్తే గొడవని నేను వీధి మొదట్లో కాపలా."

నాకు తెలియదు. అక్క నాతో ఎప్పుడూ అనలేదు.

"నీకు ఉద్యోగమొచ్చి తిరువూరులో కాపురం పెట్టిన కొత్తల్లో ఒకరోజు చాలా ఆలస్యంగా వచ్చింది" అన్నాడు బావ. "మొహమంతా కందిపోయింది. ఎక్కడికెళ్ళావంటే, తిరువూరు పొలిమేర దాకా పోయొచ్చా, చెల్లిని చూడాలనిపించింది అంది. మరి చూడకుండా వచ్చావేంటే అన్నా. ఊళ్ళోకి పోతే ఇక వెనక్కి రాబుద్ధి కాదు, అత్తమ్మ వచ్చే టైమవుతుందని అక్కడే తిప్పేశా అంది. నీ కోసం సంచిలో జామకాయలు పట్టుకెళ్ళింది. అవే మళ్ళీ తెచ్చి నాకు పెట్టింది."

టీ చల్లారిపోయింది. "తియ్యగా ఉన్నాయా బావా?" అని అడిగాను.

"ఉన్నాయి" అన్నాడు.

తిరుగు దారిలో ఎండెక్కింది. ఊరు దగ్గరపడే కొద్దీ తొక్కలేకపోయాను. సైకిలు ఎక్కడ తిప్పి ఉంటుంది? ఆ పెట్రోలు బంకు అప్పుడు లేదు. ఈ కొట్లు లేవు. మొదటి ఇళ్ళు కనపడే మలుపు దగ్గరా, ఇంకాస్త ఇవతలా? ఒక కాలు నేల మీద ఆనించి ఎంతసేపు నిలబడి ఉంటుంది? ఆ సమయానికి నేను ఇంట్లోనే ఉండుంటాను. బియ్యం ఏరుకుంటూనో, పిల్లల పేపర్లు దిద్దుకుంటూనో. ఇంకొంచెం తొక్కితే చాలు, తలుపు తీసేదాన్ని. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వచ్చినా ఇప్పటికీ అక్కడికి రాగానే కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఎదురుగా వచ్చే సైకిళ్ళను చూస్తాను. చూసి ప్రయోజనం లేదని తెలిసినా చూస్తాను.

విజయవాడ దాకా తొక్కాలన్న ఆలోచన అలా తిరుగుతుండగానే వచ్చింది. చెకప్‌కి ఎలాగూ వెళ్ళాలి. ఆ రోడ్డంతా నాకు బస్సు కిటికీలోంచే తెలుసు, కవరు చేతిలో పట్టుకుని వాంతి ఆపుకుంటూ చూసిన రోడ్డు. డాక్టరమ్మను ఫోనులో అడిగితే, ఒకేసారి వద్దు, దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి అప్పుడు వెళ్ళమంది. ఆ చలికాలమంతా అదే పని. బావకు చెబితే "చేరాక ఫోన్ చెయ్యి" అన్నాడు. మా ఆయన మాత్రం మోటారు సైకిలు మీద నా వెనకే వస్తానని పట్టుబట్టారు.

చెకప్‌కు ముందు రోజు తెల్లవారుతుండగా బయల్దేరాం. ఎ.కొండూరు దాటేసరికే నా వేగానికి ఆయనకు విసుగొచ్చింది. "నేను ముందుపోయి మైలవరంలో టిఫిను చెప్తా, నువ్వు నిదానంగా రా" అని వెళ్ళిపోయారు. నాకూ అదే కావాలి. మైలవరంలో ఆయన నా కోసం ఇడ్లీ, నీళ్ళు పెట్టుకుని రోడ్డు వంకే చూస్తున్నారు. నేను కనపడగానే అటు తిరిగి హోటలు వాడితో ఏదో మాట్లాడుతున్నట్టు నటించారు.

కొండపల్లి దాటాక తొడలు పట్టేశాయి. చెయ్యి బరువెక్కింది. దిగాను, కూర్చున్నాను, ఎక్కాను. పొద్దు వాలుతుండగా విజయవాడలో బంధువుల ఇంటికి చేరాం. మర్నాడు పరీక్షలన్నీ చూసి, అంతా బాగుంది, ఆర్నెల్ల తర్వాత రమ్మంది డాక్టరమ్మ. చేతి వాపు మాత్రం పూర్తిగా పోదని, దాంతోనే బతకాలని చెప్పింది. సరేనన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని బావకు ఫోన్ చేశాను. రిపోర్టు సంగతి చెప్పాను. "దేవుడికి స్తోత్రం" అన్నాడు. వెనక ఆటో ఇంజను చప్పుడు వినపడుతోంది.

"మైలవరం మీదుగానే వెళ్ళావా?" అని అడిగాడు.

"అవును బావా. మీరు బస్సులో తిరిగిన రోడ్డే."

"నేను చూశాన్లే. మీ అక్క ఒక్కసారి కూడా చూడలేదు. బస్సెక్కిందగ్గర్నుంచీ నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. కిటికీలోంచి ఏం కనపడుతుందో చెప్పమనేది. నాకు చెప్పడం రాదు. చెట్లున్నాయి, కొండలున్నాయి అనేవాణ్ణి." ఇంజను ఆపేశాడు. "ఎట్టా ఉంటుంది, తొక్కుతూ పోతుంటే?"

మా ఆయన మోటారు సైకిలు తీసుకొచ్చి ఎదురుగా ఆపారు. కాసేపు ఆగమని చేత్తో సైగ చేశాను. ఎ.కొండూరు దాకా ఇంకా మంచు విడలేదు బావా అని చెప్పడం మొదలుపెట్టాను. రోడ్డుకు రెండు వైపులా తోటలు, పూత వాసన సైకిలు మీదయితే మొహానికే తగులుతుంది, బస్సులో తెలియదు. అతను ఊఁ కొడుతూ వింటున్నాడు.