రాకాసి లోపల మా బాబాయి

పోయిన గురువారం పొద్దున మా బాబాయి పోయారు. నేను నా టైలరింగు షాపులో కూర్చుని ఎవరిదో బ్లౌజుకి హుక్కులు కుడుతున్నాను. రాజమండ్రి ఆసుపత్రి నుంచి పిన్ని ఫోను చేసి, "అయిపోయిందే అమ్మాయ్" అంది. ఆ తరవాత చాలాసేపు ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు.

మీలో చాలామందికి ఆ కబురు ఇంకోలా చేరి ఉంటుంది. నేను షాపు కట్టేసేలోగానే "మడరాకాసి నిజంగానే చచ్చిపోయింది" అంటూ నవ్వు బొమ్మలతో ఫోన్లలో తిరిగింది. బ్లౌజు కోసం వచ్చినావిడ ఆ ముక్కే నాకు చూపించి, "చూశారా అండీ, మన రాకాసి పోయిందంట" అని పకపకా నవ్వింది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి తెలీదు. అయినా నాకు ఒళ్ళు మండి, సగం హుక్కులతోనే బ్లౌజు చేతిలో పెట్టి పంపించేశాను.

మీరందరూ మా బాబాయిని చూశారు. ఆయన మొహం మాత్రం చూడలేదు. సముద్రం దగ్గరి మడ అడవిలోంచి లేచొచ్చి, పడవలు తిరగేసి, ఆఖర్న చచ్చి, తరవాతి భాగంలో మళ్ళీ లేచే ఆ సినిమా రాకాసి లోపల ఉన్నది ఆయనే. సైకిలు ట్యూబులు, స్పాంజి, గోనెపట్టా కలిపి చేసిన వేషం అది. తోక నిండా కొబ్బరి పీచు. పీచు నీళ్ళు పీల్చిందంటే ఆ తోకని లాగడానికి ఎద్దు కావాలి. మూడో భాగంలో వీపు మీద అతుకులు కనబడ్డాయని మీరు నవ్వుకున్నారే, ఆ అతుకులు నేను వేసినవే.

బాబాయి నిడదవోలు దగ్గర మా ఊరి లాకుల మీద లస్కరు. కాలువ తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఆ రోజుల్లో లాకుల దగ్గర పెద్ద పనుండదు. ఆయనకి సెలవు దొరికేది అప్పుడే, షూటింగులు పెట్టుకునేదీ అప్పుడే. రోహిణి కార్తె ఎండల్లో జిల్లా అంతా నీడ వెతుక్కుంటుంటే మా బాబాయి రబ్బరు తొడుక్కునేవారు.

ఆయన్ని ఈ వేషంలోకి దింపింది మా చర్చి. క్రిస్మస్ నాటకంలో గొల్యాతు ఏటా ఆయనే. దావీదు రాయి విసరగానే ఆయన పడే తీరుకి ముందు వరసలో పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. ఒక ఏడు ఆ నాటకం చూడ్డానికి వచ్చిన సినిమా డైరెక్టరు గారు, "ఇంత బాగా చచ్చేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదండీ" అని ఆయన్ని పట్టుకుపోయారు. మొదటి భాగం వచ్చాక మా పాస్టరు అయ్యగారు మెత్తగానే అడిగారు, విశ్వాసి అయ్యుండి రాకాసి వేషమేంటని. "లోపల నేనే ఉన్నాను కదండీ అయ్యగారూ, నేనెక్కడికి పోతాను" అన్నారు బాబాయి. అయ్యగారు మరి రెట్టించలేదు. రెండో భాగానికి టికెట్టు కొనుక్కుని వెళ్ళారని కూడా విన్నాను.

మొదట్లో ఆ వేషానికి వీపున జిప్పు ఉండేది. ఉప్పునీళ్ళకి అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అప్పట్నుంచి జిప్పు మానేసి, బాబాయి లోపలికి దూరాక వీపు కుట్టేసేవాళ్ళం. వలలు బాగుచేసే నైలాను దారంతో ఆ కుట్టు వేసేది నేను. అప్పటికి కొత్తగా మిషను నేర్చుకున్నాను. కుట్టినవాళ్ళే విప్పాలని రూలు. వేరేవాళ్ళు కంగారులో కత్తి పెడితే ఉన్న ఒక్క వేషమూ చిరుగుతుంది. కుట్టడానికీ విప్పడానికీ బోలెడంత సేపు పట్టేది కనక పొద్దున దూరితే మళ్ళీ భోజనాల దాకా ఆయన లోపలే ఉండాలి. రాకాసి ముక్కులోంచి గొట్టం పెట్టి కొబ్బరినీళ్ళు పట్టేదాన్ని.

లోపల్నుంచి మాట సరిగా బయటికి వచ్చేది కాదు. అందుకని మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆయన చర్చి పాటలు కూనిరాగం తీస్తూ ఉండాలి. నేను కెమెరాకి కనబడకుండా దగ్గర్లో ఏదో చెట్టు చాటున నిలబడి వింటూ ఉండాలి. రాగం ఆగిందంటే ఊపిరాడటం లేదని అర్థం, వెంటనే విప్పెయ్యాలి. ఆ సినిమాల్లో అరుపులూ గాండ్రింపులూ తరవాత కలిపేవారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. మీరు కుర్చీలోంచి లేచి కేకలు పెట్టిన సీనుల్లో కూడా రాకాసి లోపల నెమ్మదిగా ఒక కీర్తన నడుస్తూనే ఉండేది.

బయటికొచ్చాక ఆయన ఒళ్ళు నానబెట్టిన బట్టలా ఉండేది. చెయ్యి వేస్తే జారిపోయేది. పిన్ని ఇచ్చి పంపిన పౌడరు మెడకి పులుముకుంటూ, "చావడం తేలికే అమ్మాయ్, మళ్ళీ లేవడమే నడుం నొప్పి" అనేవారు. కొత్తగా వచ్చిన నటులు ఆయన్ని చూసి కంగారు పడుతుంటే, "రాకాసికి తొందరుండకూడదు బాబూ, తొందర మనిషికి" అని సర్దిచెప్పేవారు. ఒకసారి సినిమా ఎలా ఉందని అడిగితే, "బయట ఎంత పెద్ద సినిమా అయినా లోపలున్నోడికి రెండు కన్నాలంతే కనబడద్ది" అన్నారు. ఆ మాట నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

ఐదో భాగం అయ్యాక ఇక నా వల్ల కాదన్నారు. సరేనని ఆరో భాగానికి హైదరాబాదు నుంచి జిమ్ము కుర్రాణ్ణి తెచ్చారు. ఆ కుర్రాడు చక్కగా, బలంగా, రెండు కాళ్ళ మీదా సమానంగా నడిచాడు. హాల్లో జనం "ఇది మన రాకాసి కాదెహె" అని గోల పెట్టేశారు. ఎందుకంటే మన రాకాసి కుంటుతుంది. మొదటి భాగంలో మడచెట్ల వేళ్ళ మధ్య బాబాయి కాలు ఇరుక్కుని మెలిపడింది. ఆ కుంటు ఆయనకి ఉండిపోయింది, రాకాసికీ ఉండిపోయింది. ఏడో భాగానికి మళ్ళీ ఆయన్నే పిలిచారు. నొప్పి పెట్టే ఆ కాలే ఆయన్ని ఆ వేషానికి కట్టేసింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

బాబాయి రిటైరైన కొన్నేళ్ళకి పాత డైరెక్టరు గారు పోయారు. హమ్మయ్య, ఇక రాకాసి కూడా పోయినట్టే అనుకున్నాం. బాబాయికి అప్పటికే ఆయాసం. చర్చి మెట్లెక్కి ఒక నిమిషం ఆగితేగానీ లోపలికి రాలేరు. అలాంటి రోజుల్లో ఆ డైరెక్టరు గారి అబ్బాయి కారేసుకుని వచ్చాడు. ఆ పాత సినిమాల ముక్కలు ఇప్పుడు పిల్లల ఫోన్లలో తెగ తిరుగుతున్నాయట. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన డబ్బు పెడతానన్నాడట. ఎనిమిదో భాగం తీస్తానన్నాడు.

"మీరు లేకపోతే రాకాసి లేదు బాబాయ్ గారూ" అన్నాడు. పిన్ని వంటింట్లోంచి కళ్ళతోనే వద్దని చెబుతోంది. నేనైతే నోటితోనే చెప్పాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఉంది, ఇక్కడ రాయలేను. బాబాయి మాత్రం, "మీ నాన్నగారి మొహం చూసి చేస్తాను బాబూ. ఒక్కటే కోరిక. ఈసారి పూర్తిగా చంపేసెయ్యండి. మళ్ళీ లేవకుండా" అన్నారు.

"ప్రామిస్ అండీ" అన్నాడు ఆ అబ్బాయి. ఆ క్షణంలో వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయం అవుతుంది.

అలా నేను మళ్ళీ నైలాను దారం పట్టుకున్నాను. ఆయన వీపు చిక్కిపోయింది. వేషం లోపల ఇదివరకు ఆయన నిండుగా ఉండేవారు, ఇప్పుడు గుప్పెడు మనిషి. చావు సీను తీసే రోజున డైరెక్టరు అబ్బాయి వచ్చి, "సౌండ్ ఇక్కడే లైవ్‌లో తీస్తున్నామండీ, నీళ్ళు, గాలి, ఊపిరి, అంతా నేచురల్‌గా రావాలి. ఎవ్వరూ చిన్న శబ్దం కూడా చెయ్యకూడదు" అన్నాడు. ఆ మాట అక్కడున్న అందరికీ చెప్పాడు. రాకాసి ముక్కు దగ్గరికి వెళ్ళి బాబాయికీ చెప్పాడు. మా కూనిరాగం సంగతి ఆ అబ్బాయికి తెలీదు. నేను అప్పటికే కుట్టేసి ఏటి అవతల గట్టు మీద టీ తాగుతున్నాను, నా చెవిన పడలేదు.

నేను వచ్చేసరికి షాటు మొదలైంది. రాకాసి బురదలో మోకాళ్ళ మీద ఉంది. చుట్టూ ఇంతమంది ఉండి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చెవులు రిక్కించాను. లోపల పాట లేదు. ఆ వేషం అంత బాగా చావడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఒక్కొక్క చెయ్యే వాలిపోతోంది. కెమెరా పక్కనున్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేను కత్తెర పట్టుకుని బురదలోకి పరిగెత్తాను. ఎవరో "కట్, కట్" అని అరిచారు. కుట్లు ఒక్కొక్కటీ విప్పే ఓపిక నాకెక్కడిది, మెడ దగ్గర్నుంచి తోక దాకా రబ్బరు బర్రున చీల్చేశాను.

బాబాయి పెదాలు నీలంగా ఉన్నాయి. నీళ్ళు చల్లి, అట్టముక్కతో విసిరితే కాసేపటికి కళ్ళు తెరిచారు. "షాటు పాడైపోయిందా అమ్మాయ్?" అన్నారు.

"పాట ఎందుకు ఆపావు బాబాయ్?" అని అరిచాను. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చేశాయి.

"చప్పుడు చెయ్యొద్దన్నారు కదమ్మా" అన్నారు.

ఊపిరి పోతున్నా చప్పుడు చెయ్యలేదు, చెయ్యొద్దన్నారు కాబట్టి. మా బాబాయి ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క సంగతే చెబుతాను. అది మంచితనమో, చిన్నప్పట్నుంచీ ఒంటికి కుట్టేసిన ఇంకో తొడుగో నాకు తెలీదు. డైరెక్టరు అబ్బాయి ఆ బురదలోనే కూలబడి ఆయన చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇదే ఆఖరు బాబాయ్ గారూ, ఈ సినిమాతో మీకు విడుదల" అన్నాడు. బాబాయే వాణ్ణి ఓదార్చారు.

సినిమా విడుదలైన రోజు రాజమండ్రిలో పెద్ద హాలుకి కుటుంబంతో వెళ్ళాం. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పిన్నికీ నాకూ మధ్యన కూర్చున్నారు. ఆ చావు సీను వచ్చినప్పుడు ఎప్పుడూ ఈలలేసే జనం కూడా నోరెత్తలేదు. రాకాసిని చితి మీద పెట్టి కాల్చారు. బాబాయి పెద్దగా ఊపిరి వదిలి పిన్ని చెయ్యి పట్టుకున్నారు. పేర్లు పడుతుంటే జనం లేచారు. మేమూ లేచాం. అంతలో తెర మీద బూడిద కదిలింది. అందులోంచి పచ్చటి కన్ను ఒకటి తెరుచుకుంది. హాలంతా చప్పట్లు, ఈలలు.

బాబాయి మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయారు. "కన్ను తెరిచిందే" అన్నారు పిన్నితో. బయట డైరెక్టరు అబ్బాయి మొహం చెల్లక దూరంగా నిలబడి, "ఆసామి గారు ఒప్పుకోలేదండీ" అన్నాడు. "పర్లేదులే బాబూ" అన్నారు బాబాయి. నాకైతే ఆ 'పర్లేదు'ని పీక పిసికి చంపాలనిపించింది.

ఆ తరవాత ఆయాసం పెరిగింది. ఆసుపత్రిలో ముక్కూ నోరూ కప్పేస్తూ ఆక్సిజను మాస్కు పెట్టారు. అది లేకపోతే ఊపిరి అందదు, అది ఉంటే ఆయనకి ఓర్పు లేదు. మాటిమాటికీ చెయ్యి దాని మీదికి పోయేది. నర్సమ్మ మంచిది, పాపం, ప్రతిసారీ బతిమాలి సరిచేసేది. ఒకరోజు మధ్యాహ్నం నేను మంచం పక్కన కూర్చుని ఉంటే ఆయన నన్ను పోల్చుకున్నారు. మెల్లగా లేచి కూర్చుని, అలవాటు కొద్దీ ముందుకి వంగి, వీపు నా వైపు తిప్పారు.

విప్పమంటున్నారు. విప్పడానికి అక్కడ కుట్టేమీ లేదు. నేను ఏం చెయ్యను? మెడ దగ్గర్నుంచి నడుం దాకా వేలితో నెమ్మదిగా గీస్తూ, "అయిపోయింది బాబాయ్, వచ్చేస్తోంది, ఇంకొంచెమే" అన్నాను. ఆయన భుజాలు కొద్దిగా వదులయ్యాయి. ఆ మధ్యాహ్నమంతా అదే పనిగా గీస్తూ కూర్చున్నాను.

మర్నాడే గురువారం.

భూస్థాపనకి సినిమావాళ్ళు వచ్చారు. రావాల్సినవాళ్ళే, వచ్చి నిజంగానే ఏడ్చారు. డైరెక్టరు అబ్బాయి వ్యానులోంచి రాకాసి తలకాయని రెండు చేతులా ఎత్తుకుని తెచ్చాడు. దాన్ని శుభ్రంగా తుడిచి, బంతిపూల దండ వేశాడు. దాన్ని శవపెట్టెలో, బాబాయి తల దగ్గర పెడదామని అతని ఉద్దేశం. ఫోన్లన్నీ పైకి లేచాయి. మా ఇళ్ళల్లో ఎవరికీ కాదనడం రాదు కదా.

పిన్ని లేచింది. ఇన్నేళ్ళలో ఆవిడ సినిమావాళ్ళతో గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. "మీ అభిమానానికి దండం బాబూ. దాన్ని వ్యానులో పెట్టేసెయ్యండి. ఇవాళ ఆయనొక్కడే వెళ్తాడు" అంది.

ఆ అబ్బాయి దాన్ని వ్యానులో పెట్టేసి, వచ్చి వెనక నడిచాడు.

మా వైపు సమాధుల తోట దాకా పెట్టె మూత వెయ్యరు. తెరిచిన బండి మీద కాలువ గట్టు వెంబడి తీసుకెళ్ళాం. బడి వదిలిన వేళ. రోడ్డు వారన పిల్లలు బండికి దారిచ్చి నిలబడి ఆయన్ని చూశారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎవరో తాతగారు అనుకుని ఒక పాప చేతులు జోడించింది. కాలువ నిండుగా పారుతోంది. గాలికి బాబాయి మొహం మీది లేసు గుడ్డ లేచి పక్కకి పడింది. నేను దాన్ని సర్దబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ గుడ్డని మడిచి తన బొడ్డులో దోపుకుంది. తోట వచ్చేదాకా ఆ కాలువ గాలి ఆయన మొహానికి తగులుతూనే ఉంది.