నా పేరు, తమ్ముడి నెత్తురు

తొంభైల్లో కామెర్ల మీద పరిశోధనంటూ డాక్టర్లు ఉదయగిరి దగ్గర మా ఊరికొచ్చి ఇంటికొక్కరి నెత్తురు తీసుకున్నారు. మా ఇంటి తరఫున నా పేరు రాసుకున్నారు. నాకేమో సూదంటే వణుకు. “పేరు నాది, చెయ్యి నీది, పోరా,” అని తమ్ముడు ఏసోబును పంపాను.

నెల తర్వాత ఆత్మకూరు ఆస్పత్రికి రమ్మని నాకు కార్డొచ్చింది. తమ్ముడూ తోడొచ్చాడు.

“నీ లివర్లో వైరస్ ఉంది,” అన్నాడు డాక్టరు.

ఏసోబు నా భుజం తట్టాడు. “ఆ పొద్దు ఇచ్చింది నా నెత్తురు గదన్నా?”

నిజం చెప్పేశాను. “ఇంత మీసం పెట్టుకోని సూదికి భయపడినావా?” అంది నర్సు. అందరినీ ఆటపట్టించే నేను మీసానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అప్పట్నుంచి వాడి వైద్యానికని ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఇద్దరం అలిసిపోయాం. నేనే సూదికి చెయ్యి చాపి ఉంటే వాడి జబ్బు ఎవరికీ తెలిసేది కాదు. నా పిరికితనం వల్లే అది బయటపడిందని సంతోషిద్దామంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.