పత్తి మిల్లు జట్టు

ఆదోనిలో మా ఆయన పనిచేసిన పత్తి మిల్లు పంటకాలంలోనే ఆడేది. ఎండలు ముదిరితే కూలీలందరినీ ఇంటికి పంపేవారు. మిల్లు ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాళ్ళను మాత్రం ఊడ్చే పనో, కాపలా పనో ఇచ్చి ఏడాదంతా ఉంచుకునేవారు. ఆ జట్టును పెట్టిన ముసలి షావుకారికి అదంటే ప్రాణం. పెద్దవాళ్ళు బంతి వెనక పరుగెత్తడం నాకు నచ్చేది కాదు. కానీ కరువు ఏళ్ళలో మా పొయ్యి వెలిగింది ఆ బంతితోనే. అందుకే నోరు మూసుకొని ఆయన బనీను చిరుగులు కుట్టేదాన్ని.

షావుకారు పోయాక, కొడుకు ఈ జట్టు దండగ అన్నాడు. కడప పోటీలో గెలిస్తే అతని మనసు మారుతుందని మావాళ్ళు నమ్మారు. ప్రయాణం నాటికి మా ఆయన మోకాలు వాచి ఉంది.

"కుంటుకుంటా ఏమాడతావు? ఈ తూరి మానుకో," అన్నాను.

"మానుకుంటే ఎండాకాలం ఏం తినాలమ్మే? బండలా?" అని మోకాలికి గుడ్డ చుట్టుకొని పోయాడు.

గెలిచారు. కప్పు భుజాన పెట్టుకొని నేరుగా మిల్లుకు పోయారు. షావుకారు కొడుకు నవ్వాడు.

"శానా సంతోషమప్పా. కప్పు గెలిస్తే పత్తి ఎక్కువ కాస్తాదా?"

ఆ నెలలోనే వాళ్ళు ఆడే బయలులో పత్తి మూటలు దించారు. ఎండలు రాగానే మా ఆయననూ ఇంటికి పంపేశారు. ఆ మోకాలు మళ్ళీ బాగుపడలేదు. మరుసటి పంటకు పని అడగబోతే, మేస్త్రీ ఆయన నడక చూసి గేటు తీయలేదు.

"మూటలు మోయలేవులేప్పా, ఇంటికి పో," అన్నాడు.