తల ఊపే బండి

ముందే ఒప్పుకుంటున్న, నాకు పెంచి చెప్పే రోగమున్నది. మా ఇంట్ల మూడు తరాల సంది కాంటల దుకాణం. నయాపూల్ కాడ త్రాసులు, తూకం రాళ్ళు అమ్ముతం. దుకాణంల కూసున్నంతసేపు గ్రాము అటు జరగనియ్యం, ఇటు జరగనియ్యం. పొద్దంత గంత నిజాయితీగ బతికినంక మనిషన్నోడు ఎక్కడన్న ఒక దగ్గర కాళ్ళు జాపుకోవాలె గద. నేను నోటి కాడ జాపుకుంట. అందుకే నా మాటలకు మీరే జర పాసంగం కట్టుకోండ్రి. త్రాసు ఒక దిక్కు వాలితే రెండో దిక్కు చిన్న రాయి కట్టి సరిజేస్తరు సూడుండ్రి, దాన్ని పాసంగమంటరు. నాకైతే చిన్న రాయి సాలదు.

ఇగ బండి ముచ్చట. యాభై దాటినంక మొగోనికి మూడే దార్లుంటయి: భక్తి, రాజకీయం, పెద్ద మోటర్‌సైకిల్. మొదటిది మా ఇంట్ల ఆమె చూసుకుంటది. రెండోదానికి మస్తు మందిని నమ్మాలె. నేను మూడోది కొన్న. దూర ప్రయాణాల కోసం చేసిన బండి. ఎత్తెంతంటరా? ఎక్కి కూసుంటే మాదన్నపేటల మా గల్లీ రెండో అంతస్తోళ్ళ పొయ్యి మీద ఏం కూర ఉడుకుతున్నదో కనిపించేది. దిగేటప్పుడు కింద నిలబడ్డోళ్ళను అడగాలె, నేల ఇంక ఎంత దూరమున్నదని. రెండు పక్కల రెండు పెట్టెలు, సీటు దాటినంక ఎనక ఇంకో పెద్ద పెట్టె. ఆ ఎనక పెట్టె కిరాయికిస్తరా అని ఒక చిన్న కుటుంబం వచ్చి అడిగిపోయింది. మార్కెట్ల టమాటలమ్మే ఆమె దాన్ని కిందికెళ్ళి మీదిదాక చూసి, "అన్నా, గిది మీ మాట ఇంటదా?" అన్నది. నవ్విన. కానీ ఆమె అడిగింది సరైన ప్రశ్న.

దసరా నాడు దుకాణం ముంగటనే బండికి పూజ చేసినం. మా బాపుకు ఎనభై దాటినయి, అయినా రోజూ దుకాణంల కూసుంటడు. బండికి కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, "ఖాళీ బండి గడప దాటొద్దు" అన్నడు. మా అసొంటి వ్యాపారుల ఇండ్లల్ల ఇది పాత మాట. ఖాళీ బండి పోతే దాని ఎంబడే బర్కత్, అంటే ఇంటి కలిమి, పోతదంటరు. అందుకని దుకాణంలకెళ్ళి ఒక ఇనుప తూకం రాయి తెచ్చిండు. ఎర్రగుడ్డల చుట్టి, పసుపు కుంకుమ చల్లి, రెండు జమ్మి ఆకులు పెట్టి, ఎనక పెట్టెల పెట్టి తాళమేసిండు. మళ్ళ దసరా దాక తియ్యొద్దన్నడు. పది కిలోల రాయి. ఆ సంగతి అక్కడ వదిలేయుండ్రి. నేను కూడ మర్చిపోయిన.

నా కోరిక ఒక్కటే. మా ఆమెను ఎనక కూసోబెట్టుకొని బీదర్ దాక పోవాలె. ఆమెకు నాలుగు చక్రాలకంటె తక్కువున్న దేని మీద నమ్మకం లేదు. మస్తు బతిమిలాడితే, "ముందుగాల జర దూరం చూస్త" అన్నది. ఒక ఆదివారం పొద్దున శ్రీశైలం రోడ్డు పట్టినం. పహాడీ షరీఫ్ దాటినంక రోడ్డు సాఫ్. డెబ్బై స్పీడు. ఎదురుంగ ఇంకో పెద్ద బండాయన వస్తున్నడు. పెద్ద బండ్లోళ్ళు ఎదురైతే ఎడమ చెయ్యి జాపి రెండు వేళ్ళు చూపుకుంటరు, అది వాళ్ళ సలాం. నేను కూడ చెయ్యి తీసి చూపిన, జర ఎక్కువసేపే చూపిన. అదే టైముల ఎక్సలేటర్ వదిలిన.

హ్యాండిల్ తల ఊపింది.

మొదలు చిన్నగ, అవునవునన్నట్టు. తర్వాత చాటల బియ్యం చెరిగినట్టు. అద్దంల ఎనక వచ్చే లారీ ఒకటి నాలుగు లారీలైంది. జేబుల ఉన్న పెన్ను దానంతటదే నా అంగీ మీద వీలునామా రాయవట్టె. దబ్బున రెండో చెయ్యి పెట్టిన. ఆగింది.

"ఏమండి, ఇప్పుడైంది ఏంది?"

"రోడ్డు బాగలేదు."

"రోడ్డు నాకు కనిపిస్తనే ఉన్నది. ఆపుండ్రి."

ఆపిన. దిగింది. కొంగు సరిజేసుకొని బస్టాపు దిక్కు నడిచింది. బస్సు ఎక్కేముందు ఎనక్కి తిరిగి తీర్పు చెప్పింది: "వచ్చే ఆదివారం ఇంకొక్కసారి కూసుంట. మీరు చెయ్యి తీసినప్పుడు గిది గిట్లనే తల ఊపిందనుకో, మా తమ్మునికి ఇచ్చేస్త. వాడు సలాంలు కొట్టడు."

ఆ సాయంత్రమే బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఇంజన్ ఆయిల్ టైముకు మారుస్తున్నరా?" అని అడిగిండు. పెండ్లైన కాడి సంది నా ఆరోగ్యం ఒక్కనాడు అడగలే.

సోమవారం గల్లీ గల్లీ అంత డాక్టర్లే. పక్కింట్ల సర్కారు ఫ్యాక్టరీల రిటైరైన పెద్దమనిషి నా రెండు చేతులు పట్టుకొని చూసి, "బండికేం కాలే. షుగర్ చూపించుకో" అన్నడు. పాలాయన దిష్టి అన్నడు. టైర్లమ్మేటాయన టైర్లన్నడు. మా గల్లీల ఎవలింట్ల ఏ మందు మిగిలితే ఆ రోగమే చెప్తరు.

వాళ్ళనందర్ని దాటుకొని బహదూర్‌పురాల ఉస్తాద్ షెడ్డుకు పోయిన. అరవై ఏండ్ల మెకానిక్. బండి సప్పుడు ఇని రోగం చెప్తడు. షెడ్డు జూ దగ్గర గాబట్టి పొద్దుగాల పులి గాండ్రిస్తే కూడ "సైలెన్సర్ల లీకున్నది" అంటడు.

"చెయ్యి పెట్టినప్పుడు కూడ ఊపుతదా సేఠ్, తీస్తెనే ఊపుతదా?"

"తీస్తెనే."

"మరి తియ్యకుండ్రి."

"ఎదురొచ్చినోళ్ళకు సలాం చెప్పాలె గద ఉస్తాద్."

"నోటితోని చెప్పుండ్రి." బండి చుట్టు ఒకసారి తిరిగిండు. "పెట్టెలల్ల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. ఖాళీ."

ఆ రోజు గాలి చూసిండు. కండ్లు మూసుకొని టైరు మీద అరచెయ్యి పెట్టి, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరిండు. ఎగుడుదిగుడు లేదన్నడు. చక్రాల బ్యాలెన్సు చేయించిండు. పరీక్షకు శ్రీశైలం రోడ్డు మీదికి పోయినం. మా ఆమె ఎంత బరువుంటదో గంత బరువు ఎనక ఉండాల్నని ఉస్తాదే ఎనక కూసున్నడు. "ఎంతుంటరు సేఠ్ ఆమె?" అని అడిగిండు. మాది తూకాల వంశమే గానీ, గది తూచే ధైర్యం మా వంశంల ఎవ్వలికి లేదని చెప్పిన. డెబ్బై స్పీడుల చెయ్యి తీసిన. తల ఊపింది.

బుధవారం బండి ముందు భాగం జాకీ మీద లేపిండు. ముందు చక్రం పక్క కడ్డీలు కింద పట్టుకొని ముందుకు ఎనక్కు గుంజిండు. లోపల టుక్కుమన్నది. "మెడ వదులైంది" అన్నడు. హ్యాండిల్ తిరిగేది మెడల ఉన్న రెండు బేరింగుల మీద. అవి తీసి కొత్తవి ఏసిండు. మూత బిగించే ముందు మళ్ళ అడిగిండు: "సేఠ్, పెట్టెల ఏం లేదు గద?"

"చెప్పిన గద ఉస్తాద్, ఖాళీ."

మళ్ళ పోయినం. జర తగ్గింది. కానీ ఊపింది. అవునవును అనేటిది ఇప్పుడు "చూద్దాం, చూద్దాం" అంటున్నది.

ఇంటికొస్తె మా ఆమె బాల్కనీల నిలబడి, "ఆగిందా?" అన్నది.

"తగ్గింది."

"మీ పొట్ట కూడ తగ్గిందనే చెప్తరు." అని లోపలికి పోయింది.

శుక్రవారం ఉస్తాద్ రెండు చక్రాల పక్క పొంటి దారం గుంజి కట్టి, ఎనక చక్రం వంకరున్నదేమో చూసిండు. నా బతుకుల నేను గంత తిన్నగ ఎన్నడు లేను, ఆ చక్రం ఉన్నది. అటెన్క పొట్టి స్టూలు మీద కూసొని బండిని అట్లనే చూసుకుంట ఉన్నడు. నాకు ఆయన కంటే బండి మీద జాలేసింది, బండి కంటే నా మీద. రెండు రోజులల్ల బామ్మర్ది వచ్చి తాళం చెవి అడుగుతడు.

శనివారం పొద్దున ఉస్తాద్ బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టబోయి ఆగిండు. ఎనక పెట్టె కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తి చూసిండు. వదిలిండు. ఇంకోసారి ఎత్తిండు.

"సేఠ్, తాళం తియ్యుండ్రి."

"చెవి ఇంట్ల ఉన్నది."

ఆయన నా చేతిల గుత్తి దిక్కు చూసిండు. బండి చెవి పక్కపొంటి పెట్టె చెవి గాలికి ఊగుతున్నది.

తీసిన. ఎర్రగుడ్డ, ఎండిన జమ్మి ఆకులు, కుంకుమ. ఉస్తాద్ చెయ్యి పెట్టబోయి, ఆయిలు మరకలు చూసుకొని ఎనక్కి తీసుకున్నడు. "మీరే తియ్యుండ్రి" అన్నడు.

రెండు చేతులతోని ఎత్తి బల్ల మీద పెట్టిన. బల్ల మూలిగింది.

"క్యా సేఠ్! గిది ఏం లేకపోవుడా?"

"గది సామాన్ గాదు ఉస్తాద్. పూజ చేసింది."

"పూజ చేస్తె తూకం పోతదా?" అన్నడు. రాయిని వంగి చూసి, "మీది ఏం దుకాణమన్నరు?"

"కాంటల దుకాణం."

ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండు. రెండు చాయ్‌లు చెప్పొచ్చి, నాకు చిన్నపిల్లగానికి చెప్పినట్టు చెప్పిండు. ఎనక పెట్టె ఎనక చక్రం కూడ దాటి ఉంటది. అక్కడ పది కిలోలు పెడ్తె, తూగుడు బల్ల ఒక కొస మీద లావు మనిషి కూసున్నట్టు. ఆ కొస దిగుతది, ఈ కొస లేస్తది. ముందు చక్రం రోడ్డును గట్టిగ పట్టుకోదు, స్పీడు తగ్గించేటప్పుడు ఇష్టమొచ్చినట్టు ఊగుతది. పైన మా ఆమె కూడ కూసుంటే ఇంక జర ఎక్కువ. "మెడ వదులుండుడు చిన్న రోగం. పెద్ద రోగం గిది," అని రాయిని గౌరవంగ గడ్డంతోని చూపిచ్చిండు.

బండి ఉస్తాద్ కాడ వదిలి, రాయిని సంచిల పెట్టుకొని, ఆటోల ఒళ్ళె పెట్టుకొని నయాపూల్ పోయిన. దసరా ఇంక ఎనిమిది నెలలున్నది. బాపు ఎప్పటి తీరుగనే గద్దె మీద కూసున్నడు. సంచి కింద పెట్టంగనే సప్పుడుకే గుర్తు పట్టిండు.

"తీసినవా?"

"బండి తల ఊపుతున్నది బాపు. ఎనక బరువైతున్నదట."

"ఎవలన్నరు?"

"ఉస్తాద్. నిజమే బాపు, నేను కూడ ఎత్తి చూసిన."

ఆయన గుడ్డ విప్పి, రాయిని తుడిచి, దాని పాత జాగల పెట్టిండు. గల్లాపెట్టె పక్క చెక్క డబ్బల చెయ్యి పెట్టి గెలికిండు. ఒక చిన్న ఇత్తడి రాయి తీసి నా అరచేతిల పెట్టిండు. యాభై గ్రాములది. అడుగున సర్కారు ముద్ర.

"దీనికి గదే ముద్ర, దానికి గదే ముద్ర. ఖాళీగ పోవద్దన్న గానీ బరువు మోసుకపొమ్మన్ననా?" అన్నడు. దానికి కుంకుమ పెట్టుకుంట, "ఊపుడు ఎప్పటి సంది?"

"పోయిన ఆదివారం సంది."

"మరి గీ వారమంత ఏం చేసినవ్?"

"రాయి సంగతి మర్చిపోయిన బాపు."

అరిగి తూకం తగ్గిన రాయి తెచ్చి మాది సరైందే అని లొల్లి చేసే గిరాకిని ఎట్ల చూస్తడో, నన్ను గట్ల చూసిండు.

ఆదివారం మా ఆమె ఎనక కూసున్నది. పహాడీ షరీఫ్ దాటినం. డెబ్బై. ఎదురుంగ ఎవ్వలు లేరు. అయినా చెయ్యి తీసిన, ఎక్సలేటర్ వదిలిన. హ్యాండిల్ పెండ్లిల ఫోటోకు నిలబడ్డ మామ లెక్క కదలలేదు. పది లెక్కపెట్టిన.

"చూసినవా?" అన్న.

"చూసిన. ఇగ చెయ్యి పెట్టుండ్రి, ఎవలకు సలాం అది, బర్రెలకా?" అన్నది. జర దూరం పోయినంక, "బీదర్ల ఉండేటందుకు మంచి జాగ ఉంటదా?" అని అడిగింది. బామ్మర్ది బండి ఆరోగ్యం అడుగుడు ఆ రోజుతోని బందైంది.

ఇగ నేను కల్పించింది ఏందో చెప్తె అయిపోతది. రెండో అంతస్తు కూర, నాలుగు లారీలు, పులి సైలెన్సరు, ఇవన్ని పెంచినయి. పెంచేటందుకు అడుగున ఏదో జర ఉండె. అడుగు లేకుంట కల్పించింది ఒక్కటే. మర్చిపోయిన అన్న సూడుండ్రి, అది. నేను ఒక్క రోజు కూడ మర్చిపోలే. శ్రీశైలం రోడ్డు మీద హ్యాండిల్ ఊపంగనే నాకు యాదికొచ్చింది ఎనక పెట్టెనే. ఉస్తాద్ అడిగిన ప్రతిసారి చెవి నా పిడికిట్లనే ఉన్నది.

దసరా నాడు ఆ రాయిని బాపు ఎవ్వల్ని ముట్టనియ్యలే. పొట్టకు ఆనించుకొని, నడుమ రెండుసార్లు ఆగి, దుకాణంలకెళ్ళి బండి దాక ఆయనే మోసిండు. ఇప్పుడు వచ్చినోళ్ళందరు కరెంటు కాంటలే అడుగుతరు. ఆ పది కిలోల రాయి ఏండ్ల సంది కొనేటోడు లేక కూసున్నది. దానికి ఒక పని దొరికిందని ఆయన తాళమేసి రెండుసార్లు గుంజి చూసిండు. గది నాకు బరువైతున్నదని ఆయనకు చెప్పుడు కంటే, బండి మెడ విప్పించుడు తేలికగ అనిపించింది.

పది కిలోలు మాత్రం పెంచలే. ఆ శనివారం బాపు లోపలికి పోయినప్పుడు కాంటల ఒక దిక్కు రెండు ఐదు కిలోల రాళ్ళేసి, ఇంకో దిక్కు దాన్ని పెట్టి చూసిన. ముల్లు నడుమ నిలబడ్డది.