పదిహేనో పేరు

అరసవల్లి రోడ్డులో లీలారాణి గారి దుకాణానికి శుభలేఖల పని మీద ఎవరు వెళ్లినా, ఆవిడ ముందుగా పెళ్లికూతురి పేరు అడగరు. ముహూర్తమూ అడగరు. కుర్చీ చూపించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, మొదట అడిగేది ఒక్కటే.

"మీవోళ్లలో అలిగేదెవరు?"

కొత్తవాళ్లు నవ్వేస్తారు. ఆవిడ మాత్రం నవ్వరు.

"నవ్వితే అవ్వదు బాబూ, సెప్పాల. పెళ్లికొడుకు పేరు తప్పు పడిందనుకో, ఆడు పెళ్లి మానీడు. మావయ్య పేరు కిందికి పోయిందనుకో, పందిట్లో సగం మంది మొహాలు మాడిపోతాయి."

అప్పుడు వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. "మా చిన్నాన్న" అని ఒకరు నసుగుతారు. "చిన్నాన్న కాదు, పిన్ని" అని ఇంకొకరు సరిదిద్దుతారు. ఆ పేర్లన్నీ కాగితం మీదికి ఎక్కాకే ఆవిడ కంప్యూటర్ వైపు తిరుగుతారు.

మా ఇంటి కార్డుల కోసం వెళ్లి, పని అయిపోయాక కూడా అక్కడి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అలా విన్నదే ఇదంతా.

లీలారాణి గారిది బాప్టిస్టు చర్చి కుటుంబం. పదిహేడో ఏట ఊళ్లోనే ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి కూర్చే పనిలో చేరారు. ఇప్పుడు అరవైకి రెండేళ్లు తక్కువ. ఆదివారం చర్చిలో కీర్తన ఎంత ధారాళంగా పాడతారో, సోమవారం 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అంత ధారాళంగా కొట్టేస్తారు. తిథికీ వారానికీ పొత్తు కుదరకపోతే పురోహితుడి కంటే ముందు ఆవిడకే తెలిసిపోతుంది. ఫోన్ చేసి "పంతులుగారూ, ఆ రోజు దశమి కాదండి" అని చెప్పిన సందర్భాలున్నాయి.

మరి ఆ అలిగేవాళ్ల ప్రశ్న ఎక్కడ పుట్టింది? అడిగితే టేబులు అద్దం కింద దాచుకున్న ఒక ప్రూఫు కాగితం చూపించారు. దాని మీద పై నుంచి కింది దాకా నల్లటి నూనె మరక, వేలితో గీసినట్టు.

పదకొండేళ్ల కిందట శ్రీకూర్మంలో టైల్స్ దుకాణం నడిపే ఉదయభాస్కర్ తన పెద్దమ్మాయి విశాలి పెళ్లికి కార్డులు వేయించాడు. 'బంధుమిత్రుల అభినందనలతో' అన్న మాట కింద పదిహేను పేర్లు. రెండు వరుసల్లో ఏడేసి పేర్లు కుదురుగా కూర్చున్నాయి. పదిహేనోది మిగిలింది. అది పెళ్లికూతురి మేనమామ జగన్నాధం పేరు.

"నాకేటి తెలుసు బాబూ? మజ్జిన ఒక్కటీ ఉంటే అందంగా ఉంటాదని కిందకి దించి ఎట్టేను. హారానికి పతకంలాగుంటాదనుకున్నాను," అన్నారావిడ.

జగన్నాధానికి పతకం కనబడలేదు. ఆఖరి పేరు కనబడింది. పెళ్లినాడు మేనకోడలిని బుట్టలో మోసుకొచ్చి పీటల మీద దింపాడు. తర్వాత విందులో ఆకు ముందు కూర్చుని, కూర వడ్డించాక లేచాడు. "బుట్ట మొయ్యడానికి ముందు నాను గావాల. పేరు రాసినప్పుడు ఆఖర్న నాను గావాల," అని ఒక్క మాట అనేసి, కళింగపట్నం బస్సెక్కేశాడు. అంతే. అక్కాబావల గుమ్మం మళ్లీ తొక్కలేదు.

ఈ సంగతి లీలారాణి గారికి రెండేళ్ల తర్వాత, ఉదయభాస్కర్ గృహప్రవేశం కార్డులకు వచ్చినప్పుడు తెలిసింది. పేర్లు ఎవరు పేర్చారన్నది బావమరిదికి అతను చెప్పలేదట. "అచ్చేసినోళ్ల మీద నెట్టేసేనంటాడు, ఎందుకులే" అన్నాడట. ఆ మాటే ఆవిడను ఎక్కువగా పట్టి కుదిపింది. ఆ మర్నాటి నుంచే దుకాణంలో ఆ ప్రశ్న మొదలైంది.

పోయిన మాఘమాసంలో రెండో అమ్మాయి తన్మయికి సంబంధం కుదిరింది. ఉదయభాస్కర్ దిగులు మొహంతో వచ్చి కూర్చున్నాడు.

"రెండుసార్లు ఎళ్లేను లీలమ్మా. మా బావమరిది బయటికే రాలేదు. మా ఆవిడ ప్రసూన తమ్ముడి కోసం ఏడుస్తన్నాది. ఈ గుంటేమో జగ్గు మావ బుట్ట పట్టకపోతే సెప్పులేసుకుని నడిసొచ్చి పీటల మీద కూకుంటానంటన్నాది."

"పేర్లు ఇలాగియ్యి," అన్నారావిడ. లెక్కపెడితే మళ్లీ పదిహేనే. ఈసారి జగన్నాధం పేరు అందరికంటే పైన పెట్టారు. ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకుని, మర్నాడు దుకాణం మూసి బస్సెక్కారు.

కళింగపట్నంలో జగన్నాధం పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆవిడ వెళ్లేసరికి ఒక ఇంజన్ విప్పి పోసుకుని, మోచేతుల దాకా నూనెతో ఉన్నాడు.

"ఏటమ్మా? పడవా?"

"పడవ కాదు, కార్డు. మీ మేనకోడలి పెళ్లి కార్డు. అచ్చుకి ముందు మీరు సూడాల."

"మా బావ పంపించేడా?"

"ఎవులూ పంపలేదు. ఆ కిందటి కార్డులో మీ పేరు ఆఖర్న ఎట్టింది నాను. మీ బావ కాదు, మీ అప్ప కాదు. నాకు అందంగా అగుపించింది, ఎట్టేను. అది సెప్పి పోదామని వచ్చేను."

జగన్నాధం చేతిలో రెంచి ఆగింది. పదకొండేళ్లు ఒకడి మీద పెంచుకున్న కోపం, ఉన్నట్టుండి ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి నాదంటే ఎవరికైనా ఏం తోస్తుంది?

"అందమేటమ్మా, బంధువుల పేర్లకి?" అన్నాడు.

"అదే తెలవలేదు నాకు అప్పుడు."

చేతులకు నూనె. అందుకని ఆవిడే కాగితాన్ని అతని మొహం ముందు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. అతను చదవడం కింది నుంచి మొదలుపెట్టాడు.

"అదేటి, కింద నుంచి?"

"అప్పట్నించీ ఏ కార్డొచ్చినా నాను కింద నుంచే సదువుతాను," అన్నాడు. కింద తన పేరు లేదు. ఒక్కో మెట్టూ ఎక్కినట్టు పైకి పోయి, మొట్టమొదట తన పేరు చూసుకున్నాడు. అంతలోనే మళ్లీ కిందికి దిగాడు.

"ఓలమ్మో! గంగులు బావని ఆఖర్న ఎట్టేసేరేటి?"

గంగులు ప్రసూన అక్క భర్త. పెద్దల్లుడు.

"పదిహేను పేర్లండి. ఎవరో ఒకరు ఆఖర్న ఉండాల కదా?"

"ఆడు ఊరుకుంటాడనుకున్నావా? నానంటే ఆకు కాడ లేసిపోయేను. ఆడు పందిరి కర్ర పట్టుకుని లేస్తాడు." తల అడ్డంగా ఊపాడు. "ఒద్దొద్దు. ఆ బాధ నాకు తెలుసు."

నూనె వేలు తన పేరు మీద ఆనించి, అక్కడి నుంచి కాగితం అడుగు దాకా బరబరా ఒక గీత లాగాడు.

"నన్నే కిందెట్టు. మజ్జినే ఎట్టు, నీకు అందం కదా! కానైతే ఒక మాట. నా కింద నీ పేరుండాల. ప్రెస్సు పేరులాగ సీమ తలకాయంత అచ్చరాలు కాదు, నా పేరంత లావుగా ఉండాల. అప్పుడు ఆఖరోణ్ని నాను కాను."

లీలారాణి గారు ఆ కాగితంతోనే మొహం కప్పుకుని నవ్వారట. నూనె మరక ముక్కుకు కూడా అంటింది. అలాగే బస్సెక్కి వచ్చేశారు.

కార్డులు అతను చెప్పినట్టే అచ్చయ్యాయి. మొదటి కార్డు పసుపు రాసి అరసవల్లి స్వామి దగ్గర పెట్టారు. రెండోది ఉదయభాస్కర్ దంపతులు స్వయంగా కళింగపట్నం పట్టుకెళ్లారు. ఈసారి తలుపు తీసే ఉంది.

పెళ్లినాడు ఉదయం జగన్నాధం కొత్త పంచె కట్టుకుని, ఇంకో ఇద్దరితో కలిసి తన్మయిని బుట్టలో మోసుకొచ్చాడు. మోకాలి నొప్పితో ఒకసారి వంకరపోతే, బుట్టలోంచి "మావా, పడేస్తే నాను అలుగుతాను" అని పెళ్లికూతురు అంది. పందిరంతా నవ్వింది. వెనక వరుసలో ఇద్దరు ముసలమ్మలు మాత్రం కార్డు పట్టుకుని ఇంకో విషయం తేల్చుకుంటున్నారు.

"ఈ లీలారాణెవులే? పెళ్లికూతురికి ఏటవుతాది?"

"మేనమామ కిందుంది కాబట్టి, మేనత్తై ఉంటాదే!"

విందు వేళకు లీలారాణి గారు తినడానికి కూర్చోలేదు. జగన్నాధం తింటాడో లేదో చూడకుండా ఆవిడకు ముద్ద దిగేలా లేదు. అతను వరుసలో చిట్టచివర కూర్చుని, తన పక్కన ఇంకో ఆకు వేయించాడు. దాని ముందు ఎవరు కూర్చోబోయినా చెయ్యి అడ్డం పెడుతున్నాడు.

"లీలమ్మా! అక్కడేటి సేస్తన్నావు? రా! నా తరవాత నువ్వే కదా!"

ఆవిడ వెళ్లి కూర్చున్నారు. వడ్డించే అతను పనసపొట్టు కూర గరిటెడు వేసి ముందుకు పోబోతుంటే జగన్నాధం పిలిచాడు.

"ఒరే, ఆగరా. కిందటి పెళ్లిలో తినకుండా లేసిపోయేను. ఆ ఆకుది కూడా ఇక్కడే ఎయ్యి."