కూత వినిపించని ఊళ్ళో మంచుకొండ

అక్కా,

ముందుగా నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు ఎక్కడైనా తప్పితే నువ్వే సరిచేసుకుని చదువుకో. గీతలు లేని కాగితం కాబట్టి వరసలు కూడా కొండదారిలాగా పైకీ కిందికీ పోతున్నాయి. బావకు రైలు పాసు వచ్చిందనీ, దసరా సెలవుల్లో మీరు డార్జిలింగ్ వెళ్తున్నారనీ, మేము ఎలా వెళ్ళామో అన్నీ వివరంగా రాయమనీ అడిగావు. మూడేళ్ళ కిందటి సంగతి. అయినా కళ్ళు మూసుకుంటే ఆ చిన్న బండి బొగ్గుపొగ, దేవదారు చెట్ల తడివాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతాయి.

మా ప్రయాణం ఒక కేలెండరు వల్ల మొదలైంది. అప్పుడు మేము ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. పక్క క్వార్టరు బెంగాలీ దీదీ, ఏడాది అయిపోయాక తన గోడమీది కేలెండరును మా అత్తగారికి ఇచ్చింది. దాని మీద కాంచన్‌జంగ బొమ్మ ఉంది. అత్తగారు తారీఖుల కాగితాలు చించేసి, బొమ్మను దేవుడి గూట్లో శివుడి పక్కన నిలబెట్టి కుంకుమ పెట్టారు. రోజూ దీపం వెలిగించి, "ఈ కొండ నిజింగా ఉందంతావేటి అమ్మీ? నేపోతే బొమ్మేసినోడి ఊహా?" అని నన్నడిగేవారు. మావయ్యగారు వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరు కావడానికి ఏడాది ఉంది. ఆ ఏడు పాసు రాసివ్వాల్సి వచ్చినప్పుడు ఆయనే అన్నారు: "పూరీ మూడుసార్లు సూసీసినాం. ఈసారి మీ అత్తకి ఆ కొండ సూపించీసి మరీ దిగిపోతాను." నాతో కాదు, మా ఆయనతో, అదే నీ మరిదితో అన్నారు. నాతో ఆయన మాట్లాడేవారు కాదు. పెళ్ళయి రెండేళ్ళయినా నేనూ ఆయన ఎదుట నోరు విప్పి ఎరగను. ఇంకో ముద్ద వడ్డించనా అని అడగాలన్నా అత్తగారి చెవిలో చెబితే ఆవిడ పైకి అడిగేవారు. నా సిగ్గు నీకు తెలుసుగా, ఆ పద్ధతి నాకు హాయిగానే ఉండేది.

ఇక దారి. పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో హౌరా బండి ఎక్కితే మూడు గంటలు. హౌరా నుంచి శియాల్దాకు ట్రాము ఉంది గానీ, పెట్టెలూ పరుపుచుట్టలూ చూసి కండక్టరు ఎక్కనివ్వలేదు. గుర్రబ్బండికి రెండు రూపాయలిచ్చాం. శియాల్దాలో సాయంత్రం బండి ఎక్కి, తెల్లవారాక ఫరక్కాలో దిగాం. అప్పటికి గంగ మీద వంతెన పూర్తి కాలేదు. సామాను నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచి స్టీమరు ఎక్కి, అవతలి ఒడ్డున ఇంకో బండి పట్టుకోవాలి. ఇప్పుడు వంతెన మీదే బళ్ళు పోతున్నాయట. మీకా అవస్థ లేదు. కాకపోతే స్టీమరు మేడ మీద వేడివేడిగా పెట్టే అన్నం, చేపల పులుసు కూడా మీకు లేనట్టే. అత్తగారు రెండోసారి పులుసు పోయించుకుంటూ, "పులిహోర మూట నాలుగురోజులు దాసుకోవచ్చు, గంగ మజ్జిని సేప మల్లీ దొరకదు" అన్నారు. సాయంత్రానికి న్యూ జల్‌పాయ్‌గురి చేరి, వెయిటింగ్ రూములో పడుకున్నాం.

మర్నాడు కొండ ఎక్కే చిన్న బండి. పొద్దున ఎక్కితే డార్జిలింగ్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. కుడివైపు కూర్చోవాలని ఒకరు, ఎడమవైపని ఒకరు చెబుతారు. నమ్మకండి, బండి మెలికలు తిరుగుతూ పోతుంది కాబట్టి లోయ ఒకసారి ఇటూ ఒకసారి అటూ వస్తుంది. ఇంజను ముందు ఇద్దరు మనుషులు కూర్చుని పట్టాల మీద ఇసక చల్లుతుంటే మావయ్యగారికి ఆశ్చర్యం. బండి ఆగిన ప్రతి చోటా దిగి ఇంజను చుట్టూ తిరిగివచ్చేవారు. "దీని బాయిలరు మనింటి నీల్ల కాగంత నేదురా" అని నవ్వి, మళ్ళీ వెంటనే, "అయినా గానీ, సేసినోడు మొగోడు" అనేవారు. ఘూమ్ దగ్గర మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చేసింది. అత్తగారు కొంగు తడిచిందని పిండుకుని చూపించారు.

డార్జిలింగ్ స్టేషను కింద వాలులో ఒక బెంగాలీ హోటల్లో దిగాం. గదికి రోజుకు ఎనిమిది రూపాయలు. వేడినీళ్ళకు బాల్చీకి పావలా వేరే. ఒక్కటే గది కాబట్టి మధ్యలో దుప్పటి కట్టి, అటు మగవాళ్ళు, ఇటు మేమిద్దరం. రెండు రోజులు మాల్ రోడ్డు, బజారు, తేయాకు తోటలు చూశాం. కొండ మాత్రం కనిపించలేదు. ఎటు చూసినా తెల్లటి పొగమంచే. అత్తగారు ప్రతి మలుపులో ఆగి ఉత్తరం వైపు చూసేవారు.  మూడోరోజు పదింటి బండికి మా తిరుగు ప్రయాణం. అంటే కొండ చూడటానికి మిగిలింది ఒక్క ఉదయం. టైగర్ హిల్ అనే గుట్ట మీంచి సూర్యోదయం వేళ కొండ కనిపిస్తే సరే, లేకపోతే కేలెండరే గతి.

రెండోనాటి సాయంత్రం నేపాలీ జీపు డ్రైవరుతో మాట్లాడుకున్నాం, మనిషికి మూడు రూపాయలు. నాలుగింటికి వచ్చి కింద రోడ్డు మీద రెండుసార్లు హారను కొడతాననీ, దిగకపోతే ఆగననీ చెప్పాడు. "సూరజ్ కిసీ కే లియే నహీ రుక్తా, బాబూజీ" అన్నాడు. సూర్యుడు ఎవరికోసమూ ఆగడట. హోటలు మేనేజరు తన అలారం గడియారం తెచ్చి ఇవ్వబోయాడు. మావయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకు గడియారమేటి, దాదా? ముప్పై రెండేళ్ళు. ఒక్కరోజు వర్క్‌షాపు కూత నా కన్నా ముందు లెగలేదు. నా ఒల్లే గడియారం."

నీకు ఈ సంగతి చెప్పాలి. మా ఊళ్ళో లేవడం, వంట, డ్యూటీ, పిల్లల బడి అంతా వర్క్‌షాపు సైరను కూతతోనే నడుస్తుంది. మా ఇంట్లో గడియారం పెళ్ళికి వచ్చిన కానుక, గోడకు అందంగా ఉంటుంది, అంతే. దానికి కీ ఇచ్చిన మనిషి లేడు. మేనేజరు నవ్వి తన గడియారం తీసుకుపోయాడు.

ఇక్కణ్ణుంచి రాసేది నీకొక్కదానికే. తెల్లవారుజామున నాకు చలికి మెలకువ వచ్చింది. కింద జీపు ఆగిన చప్పుడు విన్నాను. ఒకసారి హారను. పక్క గదుల వాళ్ళు చెప్పులు టకటకలాడిస్తూ మెట్లు దిగుతున్నారు. దుప్పటికి అటువైపు గురక. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. "అత్తా" అని పిలిచాను. నా గొంతు నాకే వినపడనంత మెల్లగా. ఆవిడ కదల్లేదు. రెండో హారను మోగింది. దుప్పటి తీసి అటు వెళ్ళాలి. మావగారి మంచం దాటి నీ మరిదిని తట్టాలి. లేదా గట్టిగా అరవాలి. లేచి కూర్చున్నాను. ఇదిగో, ఇప్పుడు మావయ్యగారే లేస్తారు, ఆయన ఒళ్ళే గడియారం కదా అనుకున్నాను. జీపు వెళ్ళిపోయింది. దాని చప్పుడు మలుపు మలుపుకూ సన్నబడటం చివరిదాకా విన్నాను.

మావయ్యగారు లేచేసరికి కిటికీ నిండా వెలుతురు. కళ్ళు నులుముకుని అత్తగారి వైపు చూశారు.

"ఏటే, కూత కూయనేదా?"

"ఇక్కడ కూతెక్కడిదీ? నిమ్‌పురా అనుకున్నావేటి?" అన్నారు అత్తగారు.

నీ మరిది నవ్వాపుకోలేక బయటికి పోయాడు. మావయ్యగారు నవ్వలేదు. టీ వస్తే తాగలేదు. "ముప్పై రెండేళ్ళు లెగిసినోడిని, లెగవలిసిన రోజు నిద్దరోయినాను" అని ఒక్క మాట అని, వరండా గుమ్మంలో వీధివైపు తిరిగి నిలబడ్డారు. అత్తగారు అవతల వరండాలో పరుపుచుట్ట కడుతున్నారు. నేను ఎవరి మొహమూ చూడలేక గ్లాసులు పట్టుకుని వెనక వంటింటి వైపు పోయాను.

వంటాయన పీట మీద కూర్చుని బంగాళాదుంపలు తరుగుతున్నాడు. నేను కొళాయి దగ్గర వంగితే, తల ఎత్తకుండానే, "బౌదీ, ఓయ్ దేఖో" అన్నాడు. వదినా, అటు చూడు అని. మంచు తెర ఎవరో పక్కకు లాగినట్టు పోయింది. కేలెండరులో ఉన్నంత ఎత్తున వెతికాను. అక్కడ లేదు. ఇంకా పైన, ఆకాశం మొదలవ్వాల్సిన చోట, ఎండలో ఉంది కొండ. 

గ్లాసులు అక్కడే వదిలేసి పరిగెత్తాను. గుమ్మంలో మావయ్యగారు. ఆయన్ని దాటితేగానీ అత్తగారి దగ్గరికి వెళ్ళలేను. నీ మరిది కూలీ కోసం వెళ్ళాడు. చెప్పడానికి మధ్యలో ఎవరూ లేరు. మబ్బు ఏ క్షణానైనా మళ్ళీ మూసుకుపోవచ్చు. పొద్దున ఒకసారి నోరు మూసుకున్న పాపం చాలు.

"మావా, కొండొచ్చినాది. అత్తని తీసుకు రా" అన్నాను. వీధిలో పోయేవాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఆయన వెంటనే వరండాలోకి వెళ్ళారు. అత్తగారి చెయ్యి పట్టుకుని, చేతిలో పరుపుచుట్ట తాడు ఉండగానే వెనక వంటింటి దగ్గరికి లాక్కొచ్చారు. వాళ్ళు చేతులు పట్టుకోవడం నేను చూసింది అదొక్కసారే. అత్తగారు దణ్ణం పెడతారనుకున్నాను. పెట్టలేదు. చాలాసేపు చూసి, వంటాయన వైపు తిరిగి, "ఏం దాదా, రోజూ దీన్ని ఎదట ఎట్టుకుని దుంపలు తరుగుతావేటి?" అన్నారు. అతనికి అర్థం కాలేదు, ఇంకో దుంప తీసుకున్నాడు. అన్నం ఒక పొంగు వచ్చేంత సేపు కొండ నిలిచింది. తరవాత మళ్ళీ మంచు. మావయ్యగారు అప్పుడు, చల్లారిన టీ అడిగి తాగారు.

తిరుగు ప్రయాణంలో, స్టీమరు మీద, మావయ్యగారు ఇంజను గది చూడటానికి వెళ్ళినప్పుడు నేను అత్తగారి దగ్గర ఏడ్చాను. హారను విన్నానని చెప్పేశాను.

"నానూ ఇన్నాను. నువ్వు పిలిసింది కూడా ఇన్నాను" అన్నారు ఆవిడ.



"ఆయన్ని లేపినది కూతనుకున్నావేటి? రోజూ కూతకి ముందు నాను లెగిసి, ఆయన సెవి పక్కన సెంబు టంగుమనిపించేదాన్ని. ముప్పై రెండేళ్ళూ అదే. మొన్న ఆయన గురక ఇంటా, తెల్లారీదాకా ఈ మడిసి నిద్దరోగా ఎప్పుడు సూసినానే అనుకున్నాను. కొండ ఎక్కడికి పోద్ది? పడుకోనీ అనుకున్నాను."

ఆమె కొండను ఎంత కోరుకున్నదీ నాకు తెలుసు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. మావయ్యగారు రిటైరయ్యాక మేము ఈ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో అద్దె ఇంటికి మారాం. కూత ఇక్కడికీ వినిపిస్తుంది. అత్తగారు చెంబు మోగించడం మానేశారు. ఆయన ఎండ వచ్చేదాకా పడుకుంటారు. లేచాక, "అమ్మీ, టీ" అని నన్నే పిలుస్తారు, నేనే జవాబు చెబుతాను. మధ్యలో ఎవరూ లేరు. డార్జిలింగులో ఏం చూశావని ఎవరైనా అడిగితే నాకు మాల్ రోడ్డు గుర్తు రాదు. నేను కూర్చుండిపోయిన ఆ చీకటీ, అరిచిన ఆ అరుపూ పక్కపక్కనే గుర్తొస్తాయి.

మీకు నేను చెప్పేది ఒకటే. టైగర్ హిల్ జీపు అందకపోయినా దిగులుపడకండి. ఏ హోటల్లో దిగినా వెనకవైపు, ఉత్తరానికి తెరిచి ఉన్న గదే అడిగి తీసుకోండి, ఎనిమిదింటి దాకా కళ్ళు అటే ఉంచండి. అలారం గడియారం ఎవరైనా ఇస్తే తీసుకో. నీకు మెలకువ వస్తే మాత్రం మొహమాటపడకుండా అందర్నీ లేపెయ్.

దారి వివరాలు బావకు చదివి వినిపించాక ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టెయ్ అక్కా. బావ నోట్లో మాట దాగదు, ఇక్కడికొస్తే చెప్పేస్తాడు. తన ఒంట్లోని గడియారం చలికి ఒక్కపూట ఆగిపోయిందనే మావయ్యగారు ఇప్పటికీ నమ్ముతున్నారు. నమ్మనీ.